మా చిన్న స్పాకి ఎక్స్‌ఫోలియేషన్ మెషిన్ కొన్న అనుభవం

మా స్పాలో ఉన్నవి రెండే బెడ్లు. చేత్తో చేసే ఫేషియల్స్, బాడీ స్క్రబ్‌లు బాగానే నడుస్తున్నాయి. కానీ గరుకు స్క్రబ్‌తో ముఖం రుద్దే పద్ధతికి ఒక హద్దుంది. స్క్రబ్ అదే, మనిషీ అదే, అయినా ఉదయం చేసిన ముఖానికీ సాయంత్రం చేసిన ముఖానికీ ఒత్తిడిలో తేడా వస్తుంది. అలసిన చెయ్యి తెలియకుండానే గట్టిగా పడుతుంది, చర్మం ఎర్రబడుతుంది. ఈ తేడా తగ్గాలి. ముక్కు పక్కన, గడ్డం మీద పేరుకునే డెడ్ స్కిన్ ఇంకాస్త శుభ్రంగా రావాలి. అప్పు మాత్రం చేయకూడదు. ఈ మూడూ మనసులో పెట్టుకుని ఎక్స్‌ఫోలియేషన్ మెషిన్లు, అంటే చర్మం మీది డెడ్ స్కిన్ తీసే మెషిన్లు, చూడటం మొదలుపెట్టాను. చిన్న స్పా నడిపేవాళ్లు ఇంకెవరైనా ఇదే వెతుకులాటలో ఉంటే పనికొస్తుందని, నేను చూసినవీ లెక్క కట్టినవీ ఇక్కడ రాస్తున్నాను.

మెషిన్ల కంటే ముందు మా కస్టమర్ల కార్డులు తీసి చూశాను. ఎవరు వస్తున్నారు, ఏం అడుగుతున్నారు, ఎవరికి ఏ ఇబ్బంది ఉంది అని. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమందిది చామనఛాయ, అంతకంటే ముదురు రంగు. చర్మ వైద్యులు వాడే ఫిట్జ్‌పాట్రిక్ స్కేల్ అని ఒకటుంది. 1975లో వచ్చింది, ఎండకి చర్మం ఎలా స్పందిస్తుందో చూసి ఆరు రకాలుగా విభజిస్తుంది. అందులో 4, 5, 6 రకాల చర్మాన్ని కాస్త గట్టిగా రాపిడి పెడితే, ఎరుపు తగ్గాక ఆ చోట నల్లమచ్చ మిగిలిపోయే అవకాశం ఎక్కువ. అది పోవడానికి నెలలు పడుతుంది. మొటిమ మచ్చలు తగ్గించుకోవడానికి వచ్చిన మనిషికి మనమే కొత్త మచ్చ ఇచ్చి పంపడం కంటే ఘోరం ఇంకోటి లేదు. అందుకే ఎంత బలంగా పనిచేస్తుంది అన్నది నా మొదటి ప్రశ్న కాలేదు. ఎంత తక్కువకి తగ్గించుకోవచ్చు, తగ్గించిన చోట నిలకడగా ఉంటుందా అన్నవే ముందు అడిగాను.

ఇంకో లెక్క కూడా ముందే తెలిసుండాలి. మనం తీయాల్సింది చర్మం పైన ఉండే స్ట్రాటమ్ కార్నియం అనే పొరలోంచి మాత్రమే. ముఖం మీద దాని మందం సుమారు 10 నుంచి 20 మైక్రాన్లు. మిల్లీమీటర్‌ని వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం ఒక మైక్రాన్. అంత పలచని పొర మీద పని కాబట్టి బలం గురించి గొప్పలు చెప్పే మెషిన్ మనకి అక్కర్లేదు. వయసులో ఉన్నవారిలో కొత్త కణం కింది నుంచి పైకి వచ్చి రాలిపోవడానికి ఇంచుమించు 28 రోజులు పడుతుందని చెబుతారు, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. వారానికోసారి చేయించుకోండి అని ప్యాకేజీ అమ్మడానికి నా మనసు ఒప్పుకోలేదు. మూడు, నాలుగు వారాల ఎడం పెట్టాలని మెషిన్ కొనకముందే నిర్ణయించుకున్నాను. ఇది చర్మం విషయమే కాదు, డబ్బు విషయం కూడా. ఎడం పెరిగితే బుకింగ్‌లు తగ్గుతాయి, మెషిన్ ఖర్చు తిరిగి రావడానికి పట్టే కాలం పెరుగుతుంది.

రకాల విషయానికొస్తే, కొన్నింటిని త్వరగానే పక్కన పెట్టేశాను. తిరిగే బ్రష్ మెషిన్ అన్నిటికంటే చవక. కానీ అది ప్రధానంగా క్లెన్సింగ్ పరికరం, డెడ్ స్కిన్ మీద దాని ప్రభావం తక్కువ. పైగా ప్రతి మనిషికీ వేరే బ్రష్ హెడ్, దాన్ని కడగడం, పూర్తిగా ఆరబెట్టడం తప్పదు. తడి బ్రష్‌ని డబ్బాలో పెట్టి మూత వేస్తే లోపల క్రిములు పెరుగుతాయి. డెర్మాప్లేనింగ్ అంటే పదునైన బ్లేడుతో ముఖం మీది డెడ్ స్కిన్ గీకి తీయడం. దానికి మెషినే అక్కర్లేదు, ఒకసారి వాడి పారేసే బ్లేడ్లు చాలు. కానీ అది పూర్తిగా చేతి నైపుణ్యం. కొన్నిచోట్ల ఎవరు చేయాలి అన్నదానికి నిబంధనలు కూడా ఉంటాయి. మా స్పాలో పనిచేసే అమ్మాయిల చేతికి బ్లేడ్ ఇచ్చి నేను నిశ్చింతగా కూర్చోలేను.

క్రిస్టల్ మైక్రోడెర్మాబ్రేషన్ వీటన్నిటికంటే పాత పద్ధతి. 1985లో ఇటలీలో మొదలైంది. అల్యూమినియం ఆక్సైడ్ పొడిని ముఖం మీదకి చిమ్మి, అదే పైపుతో వెనక్కి లాగేస్తుంది. పాత మెషిన్లు సెకండ్ హ్యాండ్‌లో చవకగానే దొరుకుతున్నాయి. కానీ ఆ పొడి కంట్లో పడితే ప్రమాదం, గాల్లో లేస్తే చేసేవారూ చేయించుకునేవారూ పీల్చాల్సి వస్తుంది. వాడిన పొడిని మళ్లీ వాడకూడదు, కాబట్టి ఎప్పటికప్పుడు కొనాలి. తేమ తగిలితే గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది. కిటికీ లేని మా చిన్న గదికి ఇది కుదరదు.

మిగిలినవి మూడు: డైమండ్ టిప్ మెషిన్, నీళ్లతో పనిచేసే హైడ్రా మెషిన్, చేత్తో పట్టుకునే అల్ట్రాసోనిక్ స్క్రబ్బర్. అసలు ఆలోచనంతా వీటి దగ్గరే పట్టింది.

డైమండ్ టిప్ అంటే స్టీల్ ముక్క అంచు మీద సన్నటి వజ్రపు రేణువులు అతికించి ఉంటాయి. మధ్యలో రంధ్రం. పంపు గాలి లాగితే చర్మం కొద్దిగా పైకి లేచి టిప్‌కి ఆనుకుంటుంది, టిప్‌ని జరిపితే పై కణాలు ఊడి రంధ్రంలోంచి ఫిల్టర్‌లోకి వెళ్తాయి. పొడి ఖర్చు లేదు, ద్రవం ఖర్చు లేదు. టిప్, ఫిల్టర్, పంపు, అంతే. ఎంత తక్కువ భాగాలుంటే అంత తక్కువ రిపేర్లు అన్నది నాకు బాగా నచ్చింది.

ఈ మెషిన్ల వివరాల పత్రాలు చదవడం నేర్చుకోవడానికే చాలా సమయం పెట్టాను, దానివల్ల డబ్బు కూడా మిగిలింది. అందరూ పెద్ద అక్షరాలతో చూపించేది వ్యాక్యూమ్ అంకె, అంటే పంపు ఎంత బలంగా లాగుతుందో చెప్పేది. ఒకరు సెంటీమీటర్ల పాదరసంలో చెబుతారు, ఒకరు కిలోపాస్కల్‌లో, ఇంకొకరు అంగుళాల్లో. పోల్చాలంటే అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చాలి. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 76 సెంటీమీటర్ల పాదరసం, అంటే 101.3 కిలోపాస్కల్, లేదా 29.9 అంగుళాల పాదరసం. ఏ పంపూ దీన్ని మించి లాగలేదు, ఎందుకంటే లాగడానికి అంతకంటే గాలి లేదు. కాబట్టి ఎవరైనా 80 సెంటీమీటర్లు అని రాస్తే ఆ పత్రాన్ని అక్కడితో మూసేయొచ్చు. చాలా చిన్న మెషిన్ల మీద 65 నుంచి 68 అని ఉంటుంది. అది సముద్రమట్టం దగ్గర సాధ్యమే. కొండప్రాంతంలో ఉన్నవారు ఇంకో విషయం చూసుకోవాలి. సుమారు 1500 మీటర్ల ఎత్తుకి వెళ్తే గాలి పీడనమే 63 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ 65 చూపించడం ఏ మెషిన్‌కీ సాధ్యం కాదు, అది మెషిన్ లోపమూ కాదు.

అసలు ఆ పెద్ద అంకెతో మనకి పనేంటి అన్నది తర్వాతి ప్రశ్న. అది రంధ్రం పూర్తిగా మూసినప్పుడు వచ్చే గరిష్ఠం. ముఖం మీద టిప్ జరుగుతున్నప్పుడు అంచుల్లోంచి కొద్దికొద్దిగా గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. అప్పుడు కూడా లాగుడు పడిపోకుండా ఉండాలంటే పంపు నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి లాగగలదు అన్నది ముఖ్యం. స్ట్రా చివర వేలితో మూసి పీలిస్తే బుగ్గలు లోపలికి పోతాయి, దాన్నిబట్టి గ్లాసు ఎంత త్వరగా ఖాళీ అవుతుందో చెప్పలేం కదా, ఇదీ అంతే. ఈ లీటర్ల అంకెని చాలామంది పత్రంలో రాయరు. నేను అడిగినప్పుడు వెంటనే చెప్పిన అమ్మకందారులు కొద్దిమందే. చెప్పినవారి మీద నాకు నమ్మకం పెరిగింది.

చూడ్డానికి వెళ్లిన ప్రతిచోటా నేను చేసిన పరీక్షలు సులువైనవే, ఎవరైనా చేయొచ్చు. మెషిన్ ఆన్ చేసి టిప్ రంధ్రాన్ని బొటనవేలితో మూయాలి. గేజ్ (లాగుడు బలం చూపించే డయల్) ముల్లు వెంటనే పైకి లేవాలి. నెమ్మదిగా ఎక్కుతుంటే పంపు బలహీనమైనా అయ్యుండాలి, ఎక్కడో గాలి లీకైనా అవుతుండాలి. తర్వాత నాబ్‌ని బాగా కిందికి తిప్పి చూడాలి. కంటి కింద, మెడ మీద చేయాల్సింది ఆ తక్కువ అంకె దగ్గరే. చవక మెషిన్లు కొన్ని అక్కడే తేలిపోతాయి. నాబ్ సగం దాకా ఏమీ లాగదు, ఆ తర్వాత ఒక్కసారిగా పట్టేస్తుంది. అలాంటి దాంతో సున్నితమైన చర్మం మీద పని చేయలేం. ఆ తర్వాత ఒక పదిహేను నిమిషాలు ఆపకుండా నడవనివ్వమని అడిగేదాన్ని. వేడెక్కాక లాగుడు తగ్గుతుందా, శబ్దం మారుతుందా అని చూడటానికి. శబ్దం నాకు ముఖ్యం. కళ్లు మూసుకుని పడుకున్న మనిషి చెవి పక్కన అరగంటసేపు పంపు గరగరమంటే ఆ ఫేషియల్‌లో విశ్రాంతి ఎక్కడుంటుంది?

చివరికి నా ముంజేయి లోపలి వైపు చేయించుకుని చూసేదాన్ని. ఒకే చోట ఆపితే చర్మం కింద ఎర్రటి చుక్కలు వస్తాయి, జరిపితే రావు. ఆ తేడా ఏ అంకె దగ్గర మొదలవుతుందో నా చర్మం మీద తెలిశాకే, ఇంకొకరి ముఖం మీద ఎంత పెట్టాలో నాకు ఒక అంచనా వచ్చింది.

హైడ్రా మెషిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కస్టమర్లు అడిగేది అదే. మొదట పేరు సంగతి. హైడ్రాఫేషియల్ అనేది ఒక కంపెనీ ట్రేడ్‌మార్క్. మన మెషిన్ ఆ కంపెనీది కానప్పుడు మన మెనూలో ఆ పేరు రాయకూడదు. హైడ్రోడెర్మాబ్రేషన్ అనో, వాటర్ ఫేషియల్ అనో రాసుకోవచ్చు. పని తీరు మాత్రం నిజంగా బాగుంటుంది. టిప్‌కి సర్పిలాకారపు గాడులుంటాయి. ఒకవైపు నుంచి ద్రావణం వస్తుంది, ఇంకోవైపు లాగేస్తుంది. పొడి రాపిడి లేదు కాబట్టి చర్మానికి హాయిగా ఉంటుంది. చేయించుకున్నవారికి సీసాలో చేరిన మురికి నీళ్లు కనిపిస్తాయి, దాంతో వాళ్లకి తృప్తి.

నన్ను ఆపింది ఆ సీసా, ఆ గొట్టాలు. ప్రతి కస్టమర్ తర్వాత గొట్టాల్లోకి డిసిన్ఫెక్టెంట్ (క్రిములని చంపే ద్రవం) పంపాలి, మళ్లీ శుభ్రమైన నీళ్లతో కడగాలి, రోజు చివర లోపల తడి లేకుండా ఆరబెట్టాలి. తడి గొట్టం లోపలి గోడకి క్రిములు పొరలా పట్టుకుంటే మామూలు కడుగుడుకి పోవు. వేస్ట్ సీసా నిండేదాకా చూసుకోకపోతే నీళ్లు పంపులోకి వెళ్లి పంపే పోతుంది. నిండగానే ఆగిపోయే ఏర్పాటు ఉందా అని తప్పనిసరిగా అడగాలి. ఇంకోటి, ద్రావణాలు. కొన్ని మెషిన్లకి వాళ్ల సొంత సీసా మాత్రమే అమరుతుంది, వేరేది పట్టదు. మెషిన్ చవకగా ఇచ్చి ద్రావణం మీద సంపాదించే పద్ధతి అది. ఆ ద్రావణాల్లో లాక్టిక్, గ్లైకోలిక్, సాలిసిలిక్ లాంటి ఆమ్లాలుంటాయి. ఎంత శాతం, పీహెచ్ (తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు పెరిగే అంకె) ఎంత అని సీసా మీద లేకపోతే నేను ముట్టుకోను. అమెరికాలో కాస్మెటిక్ పదార్థాలని సమీక్షించే నిపుణుల ప్యానెల్ గ్లైకోలిక్ ఆమ్లానికి ఒక హద్దు చెప్పింది. శిక్షణ ఉన్నవారు సెలూన్‌లో కొద్దిసేపు ఉంచి కడిగేసేదైతే 30 శాతం మించకూడదు, పీహెచ్ 3.0 కంటే తగ్గకూడదు. ఇంటి వాడకానికైతే 10 శాతం, పీహెచ్ 3.5. నేను ఈ అంకెలు రాసి పెట్టుకుని సీసాల మీద పోల్చి చూసేదాన్ని.

పదింటిని ఒకే పెట్టెలో కలిపి ఇచ్చే మెషిన్లు కూడా చాలా చూపించారు. హైడ్రా, డైమండ్, ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాలతో చర్మాన్ని వేడిచేసేది), కోల్డ్ హ్యామర్ (ముఖాన్ని చల్లబరిచేది), ఆక్సిజన్ స్ప్రే, అన్నీ ఒక్క దాంట్లోనే. ధర చూస్తే ఆశ పుడుతుంది. కానీ లోపల ఉండేది చాలావరకు ఒక పంపు, ఒక బోర్డు. బోర్డు పోతే ఆ రోజు బుకింగ్‌లన్నీ పోతాయి. ఆక్సిజన్ స్ప్రే అని చెప్పేది చాలా వాటిలో మామూలు గాలిని ఒత్తి చిమ్మడమే. దాన్ని ఆక్సిజన్ అని చెప్పి కస్టమర్ దగ్గర డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

డబ్బు లెక్క ఇలా వేసుకున్నాను. ఇవి ఉదాహరణ అంకెలు, ఎవరి అంకెలు వారు పెట్టుకోవాలి. ఒక డైమండ్ ఫేషియల్ ఫీజు 100 అనుకుందాం. మెషిన్ ధర 4000. ఒక్కోసారికి ఫిల్టర్, టిప్ అరుగుదల కలిపి 2. గది అద్దె, జీతం, కరెంటు, క్రీములు కలిపి ఆ గంటకి 60. మిగిలేది 38. మెషిన్ ధర తిరిగి రావాలంటే సుమారు 105 ఫేషియల్స్ చేయాలి. వారానికి ఆరు వస్తే 18 వారాలు. ఇప్పుడు హైడ్రా. మెషిన్ ధర 12000, ఫీజు కాస్త ఎక్కువ పెట్టి 130, ద్రావణం, టిప్ కలిపి 20, మిగతా ఖర్చు అదే 60. మిగిలేది 50. తిరిగి రావాలంటే 240 ఫేషియల్స్. అదే వారానికి ఆరు అయితే 40 వారాలు. ఇందులో గొట్టాలు కడిగే సమయం వేయలేదు. ప్రతి బుకింగ్‌కీ ఇంకో పావుగంట పడితే, బిజీగా ఉండే రోజు చివర ఒక కస్టమర్‌ని వదులుకోవాల్సి వస్తుంది. మొదటి ఏడాదిలోనే ఏదైనా పెద్ద రిపేర్ వస్తే ఈ లెక్క ఇంకా వెనక్కి పోతుంది. ఈ కాగితం ముందు పెట్టుకున్నాక హైడ్రా కొనాలన్న తొందర తగ్గింది. అది చెడ్డ మెషిన్ అని కాదు, మా రెండు బెడ్ల స్పాకి ఆ సమయంలో అది బరువు.

క్లీనింగ్ గురించి నేను అడిగినన్ని ప్రశ్నలు ఇంక దేని గురించీ అడగలేదు. డైమండ్ టిప్ పూర్తిగా స్టీల్‌దే అయితే ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన వేడి ఆవిరితో క్రిములన్నిటినీ చంపే పాత్రలో, పెట్టొచ్చు. 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 15 నిమిషాలు, 134 దగ్గర కనీసం 3 నిమిషాలు అన్నది సాధారణంగా పాటించే లెక్క. ఆటోక్లేవ్ రకాన్నిబట్టి, టిప్‌ని కవర్‌లో చుట్టామా లేదా అన్నదాన్నిబట్టి సమయం పెరుగుతుంది, దాని మాన్యువల్ చూసి పెట్టుకోవాలి. కానీ కొన్ని టిప్‌లకి అడుగున ప్లాస్టిక్ గానీ, వేడికి తట్టుకోని జిగురు గానీ ఉంటుంది. వాటిని ఆటోక్లేవ్‌లో పెడితే విడిపోతాయి. టిప్‌ని ఆటోక్లేవ్ చేయొచ్చని రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాను. అలా రాసిచ్చిన వారి మెషిన్నే చివరి జాబితాలో ఉంచాను.

ఏ పద్ధతైనా, ముందు టిప్‌ని సబ్బు నీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగి మురికి పూర్తిగా తీయాలి. మురికి మీద డిసిన్ఫెక్టెంట్ సరిగ్గా పనిచేయదు. ఆల్కహాల్ వాడితే 70 శాతంది వాడాలి. అందులోని నీరే దాన్ని లోపలికి వెళ్లి పనిచేసేలా చేస్తుంది, 99 శాతంది చాలా త్వరగా ఆరిపోతుంది. అయినా అది స్టెరిలైజేషన్ (క్రిములన్నిటినీ పూర్తిగా చంపడం) కాదు. క్లోరిన్ బ్లీచ్ స్టీల్‌ని తినేస్తుంది. ఆక్రిలిక్ ప్లాస్టిక్ హ్యాండిల్‌ని మాటిమాటికీ ఆల్కహాల్‌తో తుడిస్తే సన్నటి పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్లలో మురికి చేరుతుంది. మెషిన్‌తో పాటు ఉచితంగా ఇస్తామన్న నీలి లైటు యూవీ బాక్సుని స్టెరిలైజర్ అని చెబుతుంటారు. నిజానికి అప్పటికే శుభ్రం చేసిన వస్తువుని దాచుకోవడానికి తప్ప దాన్ని నమ్మకూడదు. లైటు తగలని వైపు ఏమీ జరగదు.

ఫిల్టర్ ఎక్కడుందో కూడా చూడాలి. హ్యాండ్‌పీస్ చివర, టిప్‌కి దగ్గర్లోనే చిన్న కాటన్ లేదా స్పాంజి ఫిల్టర్ ఉంటే డెడ్ స్కిన్ గొట్టంలోకి వెళ్లదు. పంపు ముందు రెండో ఫిల్టర్ ఉంటే ఇంకా మంచిది. మొదటిది ప్రతి మనిషికీ మార్చాలి. అది ఎక్కడైనా దొరికే సైజులో ఉందా, ఆ కంపెనీ దగ్గరే కొనాలా అన్నది ఏళ్ల తరబడి పడే ఖర్చుని నిర్ణయిస్తుంది. టిప్ అడుగున ఉండే రబ్బరు రింగుకీ ఇదే మాట.

కాగితాల విషయం క్లుప్తంగా చెప్తాను. సీఈ గుర్తు (యూరప్ భద్రతా నిబంధనలకి సరిపోతుందని తయారీదారు వేసే గుర్తు) ఉందంటే చాలదు. ఏ పరికరానికి, ఏ మోడల్ నంబర్‌కి, ఎవరు ఇచ్చారో ఆ డిక్లరేషన్ కాగితం అడగాలి. తక్కువ రిస్క్ పరికరాలకి తయారీదారే స్వయంగా ప్రకటించుకునే వీలుంటుంది. ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులు, వైద్య పరికరాలని నియంత్రించే సంస్థ) రిజిస్టర్డ్ అన్న మాటకి ఎఫ్‌డీఏ ఆమోదించింది అని అర్థం కాదు, రిజిస్ట్రేషన్ అంటే ఆమోదం కాదని ఆ సంస్థే చెబుతుంది. వోల్టేజ్ మన సరఫరాకి సరిపోవాలి. 110 వోల్టుల పంపుని 230 వోల్టులకి పెడితే ఆ రోజే కాలిపోతుంది. ఎర్త్ పిన్ ఉండాలి, మాన్యువల్ మనకి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇక వారంటీలో పంపు కూడా వస్తుందా, పాడైతే మెషిన్ మనమే పంపాలా, ఆ రవాణా ఖర్చు ఎవరిది, బాగయ్యేదాకా ఇంకోటి ఇస్తారా? ఒక అమ్మకందారు, “మేడమ్, అంతదాకా రాదు లెండి, మా మెషిన్ పాడవ్వదు” అన్నారు. మాట మర్యాదగానే ఉంది, సమాధానం మాత్రం కాదు. అక్కడ కొనలేదు. పంపు విడిగా దొరుకుతుంది, దాని పార్ట్ నంబర్ ఇది అని కాగితం మీద రాసిచ్చినవారి దగ్గర కొన్నాను.

సెకండ్ హ్యాండ్ కూడా గట్టిగానే ఆలోచించాను. డైమండ్ మెషిన్ అయితే ఫర్వాలేదు. టిప్‌లు, గొట్టాలు, ఫిల్టర్లు, రింగులు అన్నీ కొత్తవి వేసుకుని పంపు ఒక్కటి బాగుంటే చాలు. హైడ్రా మెషిన్‌ని మాత్రం సెకండ్ హ్యాండ్‌లో వద్దనే చెబుతాను. లోపలి గొట్టాలు ఎలా వాడారో పైనుంచి చూసి చెప్పలేం.

చివరికి తీసుకున్నవి రెండు. ఒకటి, ఒకే పని చేసే డైమండ్ టిప్ మెషిన్, గేజ్ ఉన్నది, పంపు ముందు విడి ఫిల్టర్ ఉన్నది. దాంతోపాటు మూడు సైజుల టిప్‌లు రెండేసి సెట్లు, ఒకటి వాడకంలో ఉంటే ఇంకోటి క్లీనింగ్‌లో ఉండేలా. గరుకు విషయంలో సన్నవే తీసుకున్నాను. టిప్ మీది అంకె ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటోంది, పెద్ద అంకె గరుకా సన్నమా అన్నది అడిగి, వేలితో తడిమి, చేతి మీద వేసి చూసుకోవాలి. రెండోది అల్ట్రాసోనిక్ స్క్రబ్బర్. చిన్న గరిటె లాంటి స్టీల్ బ్లేడు సెకనుకి సుమారు 25 వేల సార్లు కంపిస్తుంది. ముఖం తడిగా ఉన్నప్పుడే పనిచేస్తుంది, పొడి చర్మం మీద పెట్టకూడదు. దీన్ని పరీక్షించడం చాలా సులువు. బ్లేడు అంచు మీద రెండు చుక్కల నీళ్లు వేసి ఆన్ చేస్తే సన్నటి పొగమంచులా లేవాలి, అంచు అంతటా లేవాలి. నీళ్లు ఊరికే వణికి జారిపోతే లోపల ఉన్నది మామూలు వైబ్రేషన్ మోటారు. ఈ పరీక్షలో నిలబడని చవక స్క్రబ్బర్లు చాలానే కనిపించాయి. రాపిడి అసలు పడని చర్మానికి, మెషిన్ అంటే భయపడేవారికి ఇది పెడుతున్నాం. ఖర్చు కూడా దాదాపు లేదు.

ట్రైనింగ్ ధరలోనే కలిపి ఇవ్వమని అడిగి, మా అమ్మాయిలిద్దరినీ కూర్చోబెట్టాను. ఒక చేత్తో చర్మం సాగదీసి పట్టుకోవాలి, రెండో చేత్తో టిప్ జరపాలి. ఒకే చోట ఆపకూడదు, ముఖం మీద నుంచి తీసేముందు గాలి వదలాలి. ఒకే చోట రెండు సార్లకి మించి వెళ్లకూడదని మేం నియమం పెట్టుకున్నాం. “అక్కా, ఇంకోసారి తిప్పమని కస్టమరే అడిగితే?” అంది మా అమ్మాయి. అడిగినా వద్దు, తర్వాతి సిట్టింగ్‌లో చూద్దామని చెప్పమన్నాను. గేజ్ దగ్గర ఒక కాగితం అంటించాను: మెడకీ కంటి పక్కకీ ఇంత, బుగ్గకి ఇంత, ముక్కు గడ్డాలకి ఇంత అని. ఆ అంకెలు మా మెషిన్‌కి మేం చూసుకున్నవి, వేరే మెషిన్‌కి వేరే ఉంటాయి.

ఎవరికి చేయకూడదో చెప్పే ఫారం కూడా మెషిన్‌తో పాటే తయారుచేశాను. పెదవి దగ్గర హెర్పిస్ పొక్కులు, చీము మొటిమలు, రోసేషియా (ముఖం మాటిమాటికీ ఎర్రబడే చర్మ సమస్య), పులిపిర్లు, ఎండకి కందిన చర్మం, ఈమధ్యే పీల్ (ఆమ్లంతో పై చర్మం ఊడదీయడం) గానీ వ్యాక్సింగ్ గానీ చేయించుకున్న చోటు, ఇవన్నీ ఉంటే ఆ రోజు చేయం. రక్తం పలచబడే మందులు, మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవారిని వాళ్ల డాక్టర్‌ని అడిగి రమ్మంటాం. స్క్రబ్బర్ అయితే పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకి పెట్టం. కొత్తవారికి దవడ కింద చిన్న చోట ప్యాచ్ టెస్ట్ చేసి, ఒకటి రెండు రోజులు ఆగమంటాం. కొందరు విసుక్కుని వెళ్లిపోయారు. వెళ్లినా ఫర్వాలేదు. చేయించుకున్నవారికి ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ వాడమని, కొన్ని రోజులు రెటినాల్, ఆమ్లాల క్రీములు ఆపమని కాగితం మీద రాసి ఇస్తున్నాం. నోటితో చెప్తే ఇంటికెళ్లేసరికి మర్చిపోతారు.

ఇప్పుడు చేత్తో రుద్దే రోజులతో పోలిస్తే ఎరుపు ఫిర్యాదులు బాగా తగ్గాయి. ముక్కు పక్కన పని శుభ్రంగా వస్తోంది. మా అమ్మాయిల మణికట్టు నొప్పులు కూడా తగ్గాయి, అది నేను ముందు అనుకోని లాభం. ఇద్దరూ ఒకే నాబ్ అంకె దగ్గర చేస్తున్నారు కాబట్టి, ఎవరు చేసినా కస్టమర్‌కి తేడా తెలియడం లేదు. నెలకోసారి భూతద్దంతో టిప్‌లు చూస్తాం. వజ్రపు రేణువులు ఊడి స్టీల్ మెరుస్తూ కనిపిస్తే ఆ టిప్ తీసేస్తాం, వ్యాక్యూమ్ పెంచి దాంతోనే పని లాగించం.

హైడ్రా కావాలని అడిగేవారు ఇంకా ఉన్నారు. వారి పేర్లు ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఆ 240 ఫేషియల్స్ ఒక ఏడాదిలో వస్తాయని ఆ పుస్తకం చెప్పాలి, గొట్టాలు కడగడానికి ఇంకో మనిషిని పెట్టుకునే స్థోమత రావాలి, ద్రావణాన్ని ఎక్కడైనా కొనుక్కునే మోడల్ దొరకాలి. ఈ మూడూ కుదిరినప్పుడు అదీ తీసుకుంటాను.